పదిహేడో ప్రశ్న

టైలరమ్మ ఇల్లు ఊడ్చే ముందు వంగి మంచం కింద, కుట్టుమిషను కింద, తలుపు మూల ఓసారి చూసుకుంటుంది. తర్వాత చీపురు మెల్లగా లాగుతుంది. ఆడపడుచు ఎక్కడుందో తెలియదు కదా మరి. ఇరవై రెండేళ్ల కిందట ఆవిడ నర్సింగు సీటు కోసం ఇంటర్వ్యూకని వెళ్లి, కాలేజీ మెట్ల దగ్గరే సగమైంది. ఇంటికొచ్చేసరికి పిడికెడైంది. మర్నాడు పొద్దున్నకి కంటికి ఆనలేదు. అప్పట్నుంచి తలుపు మూల సీసా మూతలో నీళ్లు పెడుతున్నారు. సాయంత్రానికి ఆ నీళ్లు తగ్గుతాయి. ఆవిడ తాగుతోందో, ఆవిరైపోతున్నాయో ఎవరూ తేల్చుకోలేదు. తేల్చుకునే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

ఆ వంశమే అంత. భయమేస్తే మనకి చెమటలు పడతాయి, వాళ్లకి ఒళ్లు తగ్గుతుంది. ఇంటాయన కూడా కుర్రతనంలో అప్లికేషను పట్టుకుని ఒక కాలేజీ ఆఫీసు ముందు లైన్లో నిలబడ్డాడు. తన వంతు వచ్చేసరికి కౌంటరు అందలేదు. లోపలున్న గుమాస్తా ఎవరూ లేరనుకుని "తర్వాత" అన్నాడు, వెనకవాడు ముందుకొచ్చాడు. ఆయన చదువు అక్కడితో సరి. పెళ్లినాటికి నడుమెత్తు ఉండేవాడు, మిగతాది సంసారం చూసుకుంది. ఇప్పుడు మోకాలెత్తు మనిషి, వీధి చివర గడియారాలు బాగుచేస్తాడు. చిన్న చేతులేమో, ఆ పనికి దివ్యంగా సరిపోయాయి.

టైలరమ్మకి ఒక పట్టింపు ఉంది. పొడవు తగ్గించమని ఎవరేం తెచ్చినా గుడ్డ కోయదు, మిగిలింది లోపలికి మడిచి కుట్టేస్తుంది. "కోసేశాక మళ్లీ కావాలంటే ఎక్కణ్ణుంచి తెస్తారు?" అంటుంది. మొగుడి ప్యాంట్లన్నీ అంతే. మడత మీద మడత పడి, కింద అంచులు దిళ్లలా ఉంటాయి. ఆయన నడిచొస్తుంటే బరుబరుమని చప్పుడు.

కూతురు మాత్రం తల్లి పోలిక అనుకున్నారంతా. వీధిలో దాని పేరు నిచ్చెన. ఎవరింట్లో అటక మీద డబ్బా దించాలన్నా దాన్నే పిలిచేవారు. స్కూలు చదువు అయిపోయింది, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతానంది. అడుగుదామంటే ఇంట్లో గానీ వీధిలో గానీ కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. "అన్నీ వాళ్ల వెబ్‌సైటులోనే ఉంటాయి నాన్నా," అని సోమవారం పొద్దున్న గుడ్డలు కత్తిరించే బల్ల మీద పాత ల్యాప్‌టాప్ తెరిచింది. నిజంగానే అన్నీ ఉన్నాయి. కాలేజీ లోపల తిప్పి చూపించే వీడియో ఉంది. ఫారం ఎలా నింపాలో చెప్పే వీడియో ఉంది. జతచేయాల్సిన కాగితాల పట్టీ ఉంది. తరచుగా అడిగే ప్రశ్నలు నలభై రెండున్నాయి.

ఆ ప్రశ్నలు కాలేజీవాళ్లు మనల్ని అడిగేవి కామోసనుకున్నాడు తండ్రి. దుకాణం నుంచి రాగానే కాగితం మీద ఎక్కించుకుని, ముక్కాలిపీట మీద నిలబడి కూతురికి పరీక్ష పెట్టేవాడు.

"పదహారు. హాస్టల్ గదిలో ఇస్త్రీపెట్టె వాడవచ్చునా?"

"వాడకూడదు."

"శభాష్. పద్దెనిమిది. క్లాసులు ఎన్నింటికి మొదలు?"

అవి పరీక్ష ప్రశ్నలు కావని చెప్పడానికి దానికి మనసొప్పలేదు. అసలు దాని బుర్ర అక్కడ లేదు. పట్టీలో ఉన్న తొమ్మిది కాగితాల్లో ఎనిమిది దగ్గరున్నాయి, టీసీ లేదు. ఇచ్చేవాళ్లుంటేగా! పరీక్షలవగానే స్కూలు మూతపడింది, గేటుకి తాళం, హెడ్మాస్టరు ఏ ఊరెళ్లాడో తెలియదు. టీసీ పెట్టాల్సిన గడి పక్కన ఎర్రగా "అసంపూర్తి" అని ఉంది. గడువు శుక్రవారం సాయంత్రం అయిదు.

ఎర్ర అక్షరాలు మొదటిసారి చూసినప్పుడు దాని చెప్పులు వదులయ్యాయి. మంగళవారానికి అటక అందలేదు. బుధవారం తల్లి టేపు తెచ్చి కొలిచి, లంగా రెండు మడతలు లోపలికి కుట్టింది. గురువారానికి అది తండ్రి ఎత్తుకి వచ్చింది. చూడకపోతే ఫారం పూర్తవదు, చూస్తే మనిషి మిగలదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"మానేయవే తల్లీ," అంది టైలరమ్మ.

"మానేస్తే ఆగుతుందా అమ్మా? అత్త కూడా ఇంటర్వ్యూ మానేసే ఇంటికొచ్చింది."

టైలరమ్మ టేపు చుట్టి సొరుగులో పడేసింది.

శుక్రవారం పొద్దున్న టైలరమ్మ నీళ్లు పెట్టడానికి వెళ్లి, చేతిలోకి చూసుకుంటే రెండు సీసా మూతలున్నాయి. రెండోది ఎప్పుడు తీసిందో ఆవిడకే తెలియదు. ఆ మూతని కిటికీలోంచి విసిరేసి, మిషను ముందు కూర్చుని, కుట్టడానికి గుడ్డ లేకుండానే చాలాసేపు తొక్కింది.

మధ్యాహ్నం మూడింటికి కాలేజీవాళ్లు అరగంట సేపు తెర మీదకొచ్చి సందేహాలు తీరుస్తారని సైటులో ఉంది. ఆ వేళకి నిచ్చెన దారపుకండె పక్కన కూర్చునేంత అయింది. ఒంటి మీద చేతిరుమాలు గుడ్డ. తెర మీద కళ్లజోడు మేడమ్ ఒకావిడ నవ్వుతూ ఒక్కో ప్రశ్న చదివి జవాబు చెబుతోంది. కింద గడిలో "మీ ప్రశ్న ఇక్కడ రాయండి" అని ఉంది.

"అడగవే," అంది తల్లి.

"అడిగితే సీటు లేదంటారేమో. పేరు రాసుకుని కొట్టేస్తారేమో." దాని గొంతు చీమ గొంతైపోయింది. అలా అంటూనే ఇంకో గోరంత తగ్గింది.

తండ్రి ఆ రోజు దుకాణం తెరవలేదు. కింద నించుని ఇదంతా వింటున్నాడు. చేతులు పైకి చాపి, "నన్ను బల్ల మీదికి ఎక్కించు," అన్నాడు పెళ్లాంతో. ఇన్నేళ్ల కాపురంలో ఆయన తనని ఎత్తమని అడగడం అదే మొదలు. ఆవిడ ఎత్తింది.

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కాడు. మూడు మాటలయ్యేసరికి చొక్కా చేతులు వేళ్ల మీదికి జారాయి. పైకి మడుచుకుని మళ్లీ నొక్కాడు. మళ్లీ జారాయి. ఆయన చిక్కిపోతూనే రాస్తున్నాడు. గోడ గడియారం మూడూ ఇరవై ఎనిమిది చూపిస్తోంది.

"ఏమండీ, మీరూ పోతారు, దిగండి," అంది టైలరమ్మ ఏడుపు గొంతుతో.

"పోతే పోతాను. అడగందే అమ్మైనా పెట్టదు."

తెర మీద మేడమ్ కాగితాలు సర్దుకుంటూ, "ఇంక ప్రశ్నలేం లేకపోతే..." అంది. ఆయన ఆఖరి మీటని రెండు అరచేతులతో, మనిషి బరువంతా వేసి నొక్కాడు.

మేడమ్ ఆగింది. కళ్లజోడు సర్దుకుని చదివింది. "మా అమ్మాయి చదివిన స్కూలు మూతపడింది, టీసీ ఇచ్చేవాళ్లు లేరు, మేం ఏం చేయాలి?" తలెత్తింది. "మంచి ప్రశ్న అడిగారు. మార్కుల లిస్టు ఫోటో పెట్టి, స్కూలు మూసేశారని ఒక ముక్క రాయండి చాలు. మిగతాది మేం తెప్పించుకుంటాం."

అంతే. నాలుగు రోజుల ప్రాణసంకటానికి జవాబు ఇంతే. గడి కింద వరసగా మాటలు పడ్డాయి. నాదీ అదే సమస్య. మాదీ అదే. థాంక్సండీ. నిచ్చెన లెక్కపెట్టింది, పదకొండు మంది.

"మార్కుల లిస్టు బొత్తాల డబ్బాలో ఉందమ్మా," అంది. ఆ గొంతు తల్లికి మామూలుగా వినిపించింది. ఫోటో పెట్టారు, ముక్క రాశారు. పంపే మీట నొక్కబోతుంటే, "ఉండు, నేను," అని అదే లేచి, రెండు కాళ్లతో మీట మీదికెక్కి తొక్కింది. ఎర్ర అక్షరాలు పోయి, పచ్చగా "అందింది" అని వచ్చింది. టైము నాలుగూ పది.

మూడు వారాలకి సీటు వచ్చింది. అప్పటికి నిచ్చెన లంగా మడతలన్నీ ఒక్కొక్కటే విప్పేశారు. మునుపటంత కాలేదు, రెండు వేళ్లు తక్కువ.

ఏ రోజు చేరాలో చూద్దామని ఒక మధ్యాహ్నం అది మళ్లీ సైటు తెరిచింది. ప్రశ్నలిప్పుడు నలభై మూడున్నాయి. ఆఖరిది తండ్రి ప్రశ్న, ఇంచుమించు ఆయన మాటల్లోనే.

"నాన్నా, ఇవి వాళ్లు మనల్ని అడిగేవి కాదు. మనలాంటి వాళ్లు ఎవరో భయపడుతూనే అడిగినవి. ఇదిగో, నీది కూడా పెట్టారు."

ఆయన కంటికి భూతద్దం బిగించుకుని, తెరకి ముక్కు ఆనించి చూసుకున్నాడు.

అది పేజీ పైకి జరిపింది. ఒకచోట ఆగిపోయింది. "పదహారు అడిగాక ఎప్పుడూ పద్దెనిమిదే అడిగేవాడివి. పదిహేడు ఎందుకు అడగలేదు?"

ఆయన తల దించుకున్నాడు. తెర మీద ఇలా ఉంది. పదిహేడు. ఈ కోర్సుల్లో చేరడానికి వయసు పరిమితి ఉన్నదా? లేదు.

మిషను చప్పుడు ఆగింది. టైలరమ్మ లేచి, పెట్టెలోంచి మొగుడి పాత ప్యాంటు ఒకటి తీసి ఒళ్లో పరుచుకుంది. అంచు దగ్గర కత్తెర మొన పెట్టి, ఒక కుట్టు తెంచింది. లోపల గుడ్డ రంగు కొంచెమైనా వెలిసిపోలేదు.

"ఎంత విప్పమంటారు?" అని అడిగింది.

ఆయన తలుపు మూల సీసా మూతకేసి చూశాడు, కూతురికేసి చూశాడు.

"రెండు వేళ్లు విప్పు," అన్నాడు చివరికి. "ముందు రెండు వేళ్లు విప్పి చూద్దాం."