నాలుగో గుంట

నేను ఒక తాటిచెక్క పలకను. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, ఒంటి మీద వరుసగా నాలుగు గుంటలు. ఆ గుంటల్లో నాలుగు చిన్న గ్లాసులు, ఆ గ్లాసుల్లో నాలుగు రకాల బీర్లు కూర్చునేవి. ఇప్పుడు ఏవీ కూర్చోవడం లేదు. కోర్టు వెనక, పోలీసులు పట్టుకొచ్చిన సామాన్లు పడేసే గదిలో, తుప్పు పట్టిన స్కూటర్ హ్యాండిల్‌కీ పగిలిన కుక్కర్‌కీ మధ్య పడి ఉన్నాను. ఒక మూల చిల్లు పొడిచి నంబరు చీటీ కట్టారు. నన్ను బల్ల మీద పెట్టి అందరికీ చూపించారే గానీ, నువ్వేం చూశావని ఒక్కరూ అడగలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

పలక కాకముందు నేను చెట్టును. భువనగిరి అవతల రోడ్డు గట్టున నిలబడి ఉండేదాన్ని. లచ్చయ్య గౌడు ముప్పై ఏళ్ళు నన్ను ఎక్కాడు. మనిషి పొట్టి, నోరు దురుసు, ఎవడితోనూ పడేది కాదు. ఒక పద్ధతి మాత్రం ఏనాడూ తప్పలేదు. కల్లు దించగానే ముందు తాను దోసిట్లో పోసుకుని గుక్కెడు తాగేవాడు. కుండలో ఏ పురుగు పడిందో, ఏ పాము మూతి పెట్టిందో ఎవడికి తెలుసు? "ముందుగాల నా గొంతుల వడాలె. నాకేం గాకుంటె గప్పుడు మీకు" అనేవాడు. నూట మూడు జ్వరం ఉన్న రోజు కూడా తాగాడు, నేను చూశాను.

ఒక తెల్లవారుజామున ఆయన నడుముకు చుట్టుకునే మోకు తెగింది. నేనే పడేశానని ఊరంతా అన్నారు. ఆ మోకు మార్చమని ఆయన పెళ్ళాం నెల రోజులుగా పోరు పెడుతూనే ఉంది, ఆ మాట ఎవరూ అనలేదు. మనుషులకు నింద వెయ్యడానికి చెట్టయినా చాలు.

పదో తరగతి చదువుతున్న కొడుకు శ్రీశైలం ఆ రోజే తాటిచెట్టు ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. ఎక్కలేదు. కానీ నురగను వదిలి పోవడం వాడి వల్ల కాలేదు. సంగారెడ్డి వైపు ఒక బీరు ఫ్యాక్టరీలో ట్యాంకులు కడిగాడు, పదేళ్ళలో పని నేర్చాడు, చివరికి కొండాపూర్‌లో సొంతంగా బీరు కాచుకునే ఒక పబ్బులో బీరు కాచేవాళ్ళకు పెద్ద అయ్యాడు. రోడ్డు వెడల్పు చేస్తామని నన్ను కొట్టేసిన వారం స్కూటర్ మీద వచ్చి ఒక ముక్క పట్టుకుపోయాడు. ఉలులు మొండి పోతున్నాయని వడ్రంగి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పలేను. తండ్రిని చంపిన చెట్టును ఎందుకు తెచ్చుకున్నావని ఎవరైనా అడిగితే "మా నాయిన చేతులు తాకినయి" అనేవాడు, అంతే.

అలా నేను కల్లు నుంచి బీరుకు మారాను. మొదటి గుంటలో గోధుమ బీరు, రెండోదాంట్లో తేలికపాటి లాగర్, మూడోదాంట్లో హాప్స్ అనే పూలు దండిగా వేసిన చేదు బీరు, నాలుగోదాంట్లో మాడేదాకా వేయించిన గింజలతో కాచిన నల్లటి స్టౌట్. కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను తెప్పించుకుంటారు, ఫొటోలు తీసుకుంటారు, నురగంతా చచ్చాక తాగి, "ఇంతేనా?" అంటారు. శ్రీశైలం విసుక్కోడు. ఎడమ నుంచి మొదలుపెట్టమంటాడు. నల్లదానితో మొదలుపెడితే నాలుకకు తక్కినవి తెలియవంటాడు. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య మంచినీళ్ళు తాగమంటాడు. అన్నిటికన్నా ముందు వాసన చూడమంటాడు. రోజూ పదకొండింటికి, తలుపులు తీయకముందు, నాలుగు కుళాయిల నుంచీ నాలుగు గ్లాసులు పట్టి నా మీద పెట్టి, ఒక్కోటీ తాగి చూసి రిజిస్టరులో సంతకం పెట్టేవాడు. ఆ నాలుగు గుక్కల్లో నాకు లచ్చయ్య కనిపించేవాడు. నాకు సంతోషంగా ఉండేది, దాచడం ఎందుకు?

ఇందుమతి గారు మొదటిసారి వచ్చింది మేనకోడలి ప్రమోషన్ పార్టీకి. అగరుబత్తీల కార్ఖానాలో ముప్పై ఏళ్ళు పరిమళాలు కలిపి రిటైరైన మనిషి, తాగుడు ఎరగదు. మంచినీళ్ళే తాగుతూ పక్కనున్న గోధుమ బీరు వాసన చూసి, "దీంట్లో అరటిపండు వేశారా అండీ? కాస్త లవంగం కూడానా?" అని అడిగింది.

శ్రీశైలం ముఖం వెలిగిపోయింది. "ఏం ఎయ్యలే మేడం. పులియవెట్టె ఈస్టే గట్ల వాసన వుట్టిస్తది. ఏడాదిల పట్టుకున్నది మీరొక్కలే" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం పన్నెండింటికి ఒక్కతే వచ్చేది. ఒక్కో రకం రెండు గుక్కలు, అంతకన్నా ముట్టేది కాదు. చిన్న నోటుపుస్తకంలో రాసుకునేది: చేదు బీరులో పంపరపనస తొక్క, నల్లదాంట్లో అడుగంటిన కాఫీ. అరవై ఏళ్ళ వయసులో కొత్త సంగతి నేర్చుకుంటున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను చూశాను. ఆ పబ్బులో నాకు నచ్చిన మనిషి ఆవిడొక్కతే.

తర్వాత శ్రీశైలానికి జ్వరం వచ్చింది. పది రోజుల్లో తగ్గింది గానీ, దాంతో పోయిన వాసన పట్టే శక్తి తిరిగి రాలేదు.

ఎవరికీ చెప్పలేదు. ఒక రోజు బీరు పీపాలు ఉంచే చల్లగది తలుపు వేసుకుని నా నాలుగు గుంటల్లో నాలుగు పెట్టాడు: లవంగం, వెల్లుల్లి రెబ్బ, ఇంగువ, కర్పూరం. కళ్ళు మూసుకుని నన్ను గిర్రున తిప్పాడు, ముక్కు ఆనించి ఒక్కోటీ పీల్చాడు. ఇంగువ దగ్గర "లవంగం" అన్నాడు. కర్పూరం దగ్గర ఏమీ అనలేకపోయాడు. నాలుగుసార్లు తిప్పాడు, నాలుగుసార్లూ తప్పాడు. ఆ తర్వాత నా పక్కన కింద కూర్చుని ఏడ్చాడు. ముక్కు పోతే వాడికి పని పోతుంది, పని పోతే వాడెవడు? నాకు జాలేసింది. ఇప్పటికీ జాలే, కోపం కూడా పోలేదు.

ఎందుకంటే ఆ మర్నాటి నుంచి తాగడం మానేశాడు. తెలియని రుచికి తాగడమెందుకు అనుకున్నాడేమో. నాలుగు గ్లాసులూ పట్టేవాడు, ఒక్కోటీ పెదాల దాకా తెచ్చేవాడు, సింకులో పారబోసేవాడు, సంతకం పెట్టేవాడు. శనివారం ఇందుమతి గారు వస్తే మాత్రం దగ్గర నిలబడి "ఇయ్యాల ఎట్లున్నది మేడం?" అని అడిగేవాడు. ఆవిడ మురిసిపోయి అన్నీ చెప్పేది. గురువు తనను పరీక్షిస్తున్నాడనుకుంది పిచ్చితల్లి. ఆవిడ చెప్పినదాన్ని బట్టి వాడు ట్యాంకులు సరిచేసుకునేవాడు. ఊరికి ముందు తాను తాగిన లచ్చయ్య కొడుకు, తనకు ముందు ఇంకొకరి చేత తాగించాడు. ఏడు నెలలు ఇలాగే గడిచాయి.

ఆ శనివారం పొద్దున పబ్బులో పనిచేసే ఎల్లేశం, కుళాయిలకు బీరు తెచ్చే గొట్టాలు కడుగుతున్నాడు. ఎల్లేశం యాభై దాటిన మనిషి, మాట తక్కువ, పని ఎక్కువ. గొట్టాల్లో మందునీళ్ళు పోసి అరగంట నాననిచ్చి, తర్వాత మంచినీళ్ళతో కడిగెయ్యాలి. ఆ మందు కాస్టిక్ సోడా, చర్మం తాకితే కాలుతుంది, వాసన మాత్రం ఉండదు. మూడు గొట్టాలు కడిగాడు. నాలుగోది నానుతుండగా గోధుమ బస్తాల లారీ వచ్చిందని మేనేజరు కేకేశాడు. బస్తాలు దించి వచ్చేసరికి నాలుగూ అయిపోయాయనుకున్నాడు.

పదకొండింటికి శ్రీశైలం గ్లాసులు పట్టాడు. నాలుగోదాంట్లో రంగు నల్లగానే ఉంది, గొట్టంలో పేరుకున్న మడ్డంతా మందునీళ్ళలో కరిగింది మరి. నురగ రాలేదు. వాడు చూశాడు. గ్యాసు తగ్గిందని తనలో తానే అనుకున్నాడు. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే చాలు, ముక్కుతో పని లేదు, నాలుకే మండి చెప్పేది. వెయ్యలేదు. పారబోసి సంతకం పెట్టాడు. చెక్కకు నోరుంటే అరిచేదాన్ని.

పన్నెండింటికి ఇందుమతి గారు వచ్చింది. ఎడమ నుంచి మొదలుపెట్టింది. మూడూ అయ్యాయి, మధ్యలో నీళ్ళు తాగింది. నాలుగో గ్లాసు ఎత్తి, తనకు నేర్పినట్టే ముందు వాసన చూసింది.

"కాఫీ వాసన రావడం లేదేమిటండీ ఇవాళ?"

శ్రీశైలం వంగి వాసన చూసినట్టు చేశాడు. తెలియదని అనొచ్చు. తన గ్లాసు తాను పట్టుకుని తాగొచ్చు. "సల్లగున్నది మేడం, సల్లగుంటె వాసన రాదు. చిన్న గుక్కకు తెల్వదు. జర పెద్ద గుక్క తీస్కోండ్రి" అన్నాడు.

తీసుకుంది. గురువు మాట కదా.

ఆవిడ అరవలేదు, అరవడానికి గొంతు లేకపోయింది. గ్లాసు నా మీద పడి పగిలింది. మిగిలిన మందునీళ్ళు నా నాలుగో గుంటలో నిలిచాయి, నార ఉబ్బి పైకి లేచింది. ఆ మంట నాకు తెలుసు. ఆవిడకు ఇంకెంత ఉండి ఉంటుందో నేను చెప్పలేను.

ప్రాణం దక్కింది, మింగడం పోయింది. కడుపులోకి గొట్టం వేశారు. మాట కూడా రాదు, రాసి చూపిస్తుంది.

పోలీసులు రిజిస్టరు తీశారు. ఆ రోజు తేదీ ఎదురుగా శ్రీశైలం సంతకం ఉంది. "రుచి చూశావా?" అని అడిగారు. "చూసిన సార్, మంచిగనే ఉండె" అన్నాడు. అయితే పదకొండు తర్వాతే ఎవడో గొట్టంలో మందు పోశాడని తేల్చి ఎల్లేశాన్ని పట్టుకుపోయారు. బస్తాల దగ్గరి నుంచి వచ్చాక ఏం చేశాడో తనకే గుర్తు లేదు, తానే మళ్ళీ పోశానేమో అనుకుని జైల్లో కుమిలిపోయాడు.

నాలుగు నెలలకు కేసు కోర్టులో విచారణకు వచ్చింది. నన్ను బల్ల మీద పెట్టారు. ఇందుమతి గారు మెడకు శాలువా చుట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. ఆవిడ రాసిచ్చిన వాంగ్మూలం సర్కారు వకీలు చదివాడు. ఏ గ్లాసు ఎప్పుడు తాగిందీ, వాసన ఎలా లేనిదీ, అన్నీ వరుసగా ఉన్నాయి. పెద్ద గుక్క తీసుకోమని శ్రీశైలం చెప్పిన మాట మాత్రం అందులో లేదు. మరిచిపోయే మనిషి కాదు ఆవిడ. నేర్పిన మనిషిని ఆ మాట మీద దోషిగా నిలబెట్టడం ఇష్టం లేక వదిలేసింది.

సాక్షి బోనులో ఉన్న శ్రీశైలం చదవడం ముగిసేదాకా ఎదురు చూశాడు. ఆ మాట రాలేదు. ఆవిడ వైపు చూశాడు, ఆవిడ కళ్ళు దించుకుంది. ఎల్లేశం పోలీసుల మధ్య నిలబడి తన కాళ్ళ వైపే చూస్తున్నాడు.

"ఆ రోజు మీరు రుచి చూశారా?" అని వకీలు అడిగాడు. అవునని ఒక్క మాట అంటే ఇంటికి పోతాడు. రిజిస్టరు వాడి వైపే ఉంది.

శ్రీశైలం నా నాలుగో గుంటను చూశాడు.

"తాగలే సార్" అన్నాడు. "గా దినం ఒక్కటే గాదు, అంతకు ముందు ఏడు నెలల సంది తాగలే. నాకు వాసన తెల్వదు. మేడంకు వాసన వస్తలేదంటె పెద్ద గుక్క తాగమన్నది నేనే. ఎల్లేశం తప్పు ఒకటే సార్, మరుపు. నేను తాగుంటె గా మరుపు నా నాలుక మీదనే ఆగిపోతుండె." మళ్ళీ నా వైపు తిరిగి, "మా నాయినైతే తాగెటోడు" అన్నాడు.

ఇందుమతి గారు శాలువా కొంగుతో ముఖం కప్పుకుంది. ఎల్లేశం అప్పుడు తలెత్తాడు.

ఎల్లేశం ఇంటికి వెళ్ళాడు, శ్రీశైలం లోపలికి వెళ్ళాడు. నన్ను ఈ గదిలో పడేశారు. తాటిచెక్కకు చెదలు అంత తొందరగా పట్టవు, కాబట్టి చాలాకాలం ఉంటాను. మూడు గుంటలు నున్నగానే ఉన్నాయి. నాలుగోదాంట్లో నార ఇంకా లేచే ఉంది.