డాక్టరు గారు తాగిన బొండం

అమలాపురంలో ఇరవై రెండేళ్లుగా మత్తు ఇస్తున్న డాక్టర్ శివశంకర్‌కి తన మీద తనకి మహా నమ్మకం. మొహం చూసి, "ఏమన్నా తిన్నారా?" అని ఒక్క మాట అడిగితే చాలు, ఎదుటివాడి కడుపులో గుట్టంతా తెలిసిపోతుందనుకునేవాడు. జూనియర్ నాగదుర్గ కడుపు మీద ఆనించి లోపల తిండి ఉందో లేదో చూసే బుల్లి స్కానింగ్ మిషన్ తెచ్చినప్పుడు, "అనుభవం లేనివాళ్ల బొమ్మమ్మా ఇది" అని నవ్వేశాడు.

ఆ అనుభవం కాస్తా పోయిన వారం బోల్తా కొట్టింది. అంబాజీపేటలో కొబ్బరికాయలు ఒలిచే మాణిక్యం, "ఏం తినలేదండీ, బొండం తాగేనంతే" అన్నాడు. తీరా మత్తు ఎక్కుతుండగా కొబ్బరి ముక్కలు గొంతులోకి వచ్చేశాయి. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడు. ఎలాగో బయటికి లాగి బతికించారు, ఆపరేషన్ వాయిదా వేశారు. మాణిక్యానికి తెలివి రాగానే శివశంకర్ వార్డంతా వినేలా అతన్ని అబద్ధాలకోరని కడిగేశాడు. "నేను అబద్ధం చెప్పలేదండీ" అని అతను మొత్తుకున్నా వినలేదు.

ఇవాళ బల్ల మీద పడుకున్నది శివశంకరే. హెర్నియా.

"నాకెందుకమ్మా మిషను? ఏడింటికి వస్తూ వస్తూ బొండం తాగాను. ఈపాటికి దిగిపోయుంటుంది."

నాగదుర్గ వినలేదు. జెల్లీ రాసి, మిషన్ ఆనించి, తెర అతని వైపు తిప్పింది.

"నీళ్లయితే నల్లగా కనపడాలి కదండీ సార్. ఇదంతా తెల్లగా ముద్దలా ఉందండీ. బొండం తాగేక కాయ కొట్టించేరా అండీ?"

శివశంకర్‌ కొట్టించాడు. బొండం చెక్కుతో లేత కొబ్బరి గీక్కుని రెండు చిప్పలూ ఖాళీ చేశాడు. బొండం తాగి కొబ్బరి పారేసేవాడు ఈ కోనసీమలో ఎవడున్నాడు? అది తినడం కిందికి వస్తుందని ఇంత చదువు చదివిన బుర్రకి తోచనేలేదు.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా" అన్నాడు. ఆ మాట పోయిన వారం ఎవరన్నారో గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆపరేషన్ రేపటికి పడింది. వార్డులో తన వంతు కోసం చూస్తున్న మాణిక్యం, స్ట్రెచర్ రావడం చూసి లేచాడు.

"అప్పుడే అయిపోయిందా అండీ?"

"లేదు మాణిక్యం గారూ. బొండం తాగి వచ్చేను. నాదీ మీ కేసే."

మాణిక్యం నవ్వలేదు. దగ్గరికొచ్చి మెల్లిగా అడిగాడు. "కొబ్బరి లేతదేనా అండీ?"

"లేతదే. ఆ రోజు అందరి ముందూ తిట్టాను. తప్పు నాది" అన్నాడు శివశంకర్, ఈసారీ వార్డంతా వినేలా.

"ఆయ్. ఇవాళ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టుకోలేదండీ నేను. అయినా ఆ మిషను పెట్టి చూడమనండి సార్. మన మాట నమ్మొద్దనండి."