తాంబూలంలో పిడికెడు మట్టి

వానపాముల వల్ల మిద్దె తోట నాశనమైందన్న భానుశ్రీ మాట ఒక్కరూ నమ్మలేదు. వానపాము రైతుకు నేస్తమని బడిలో వల్లె వేసిన జనం, ఎందుకు నమ్ముతారు? ఇవి వేరే జాతి. ముట్టుకుంటే చాలు, మెలికలు తిరుగుతూ ఎగిరిపడతాయి. మట్టిలోని సారమంతా తినేసి కాఫీ పిప్పిలాంటి పొడి మిగులుస్తాయి. అందులో నీళ్లు నిలవవు, వేళ్లు పట్టవు. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఎరువు బస్తాలో వచ్చి, వంగా బెండా అన్నీ ఎండిపోయేలా చేశాయి.

తన తోట ఎలాగూ పోయింది. మణికొండలోని ఆ అపార్ట్‌మెంట్‌లో ఇంకెవరి కుండీకీ ఈ పీడ పాకకూడదని ఆమె పంతం పట్టింది. ముఖ్యంగా కింది ఫ్లాట్ బుచ్చమ్మ కుండీలకు. ఉన్న పొలం బిల్డర్‌కిచ్చేశాక ఆ బాల్కనీ మీదే ప్రాణం పెట్టుకుని బతుకుతోంది పెద్దావిడ. అందుకే భానుశ్రీ మట్టినంతా నల్ల కవర్లలో మూటగట్టి, పురుగూ, కంటికి ఆనని దాని గుడ్లూ చచ్చేదాకా ఉంచుదామని ఎండలో పెట్టింది.

ఇంతలో శ్రావణ శుక్రవారం వచ్చింది. పేరంటాళ్లకు తాంబూలంతో పాటు తులసి మొక్కలు ఇద్దామని అత్తగారు పుణ్యవతి ముచ్చటపడింది. భానుశ్రీ మిద్దె మీద మిగిలిన తులసి మొక్కలు పీకి, పాత మట్టి రవ్వయినా లేకుండా వేళ్లు శుభ్రంగా కడిగి, తడిగుడ్డ చుట్టి ఆఫీసుకు వెళ్లింది. మీటింగులు తెమిలి, ట్రాఫిక్‌లో నలిగి ఇల్లు చేరేసరికి పేరంటం అయిపోయింది.

"ఒట్టి వేళ్లతో ముత్తైదువ చేతిలో ఏం పెడతామమ్మా? కవర్లలో మట్టి ఉందిగా, తలా పిడికెడు వేసి కట్టాను," అంది పుణ్యవతి.

"ఆ మట్టే వద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను కదా అత్తయ్యా."

"వానపాములే కదా, మంచివేగా."

ఈవిడతో వాదించే ఓపిక లేక భానుశ్రీ ముందు బుచ్చమ్మ మొక్క వెనక్కి తెద్దామని కిందికి పరుగెత్తింది. బుచ్చమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"శుక్రారం నాడు ఇచ్చిన తాంబూలం ఎనకకు అడుగుతరా బిడ్డా? ఇంట్లకెళ్లి లక్ష్మిని పంపుకుంటరా ఎవ్వలన్న? పొద్దుగాల రా, ఇస్త."

"పొద్దున్నే వస్తానండి. అప్పటిదాకా మొక్కను మాత్రం కుండీలో పెట్టకండి."

"పెట్ట తియ్. జర నిమ్మలంగుండు."

తెల్లారగానే వెళ్లింది. అన్నమాట ప్రకారం తులసి మొక్క గిన్నెడు నీళ్లలో ఉంది, వేళ్లకు మట్టి రవ్వయినా లేదు. భానుశ్రీ గిన్నె అందుకుంటూ చుట్టూ చూసింది.

"మట్టి ఏదండీ?"

"పూజ చేసిన ఇంటి మట్టి, పారెయ్య బుద్ధి కాలే బిడ్డా. అన్ని కుండీలల్ల జరంత జరంత చల్లిన."

ఆవిడ వెనుక చిక్కుడు తీగలు పూత మీదున్నాయి. ఆ కుండీల మట్టంతా కుమ్మరించి పారేయాలని ఎలా చెప్పాలా అనుకుంటూ భానుశ్రీ గడప మీదే కూర్చుంది.