సలోమి తలలోని క్లిప్పు

నేను ఒక క్లిప్పును. జుట్టుకు పెట్టుకునేదాన్నీ కాదు, తీగ మీద ఆరేసిన చీరలకు పెట్టేదాన్నీ కాదు. చీరాలలో జాకెట్లు కుట్టే సలోమి మెదడులో, బుడగలా ఉబ్బి చిట్లిన రక్తనాళాన్ని కరుచుకుని ఉన్న గోరంత లోహపు ముక్కను.

పుట్టింది ఎక్కడో పరదేశపు కర్మాగారంలో. ఆపరేషన్ బల్ల దగ్గర పెద్ద డాక్టరు మా అక్కచెల్లెళ్లను పెళ్లిచూపుల్లోలా అటూ ఇటూ తిప్పి చూసి, వంకలు పెట్టి, చివరికి నన్ను ఎంచుకున్నాడు. అప్పట్నుంచి ఈ తలలోనే నా కాపురం. చీకటే గానీ మాటలన్నీ వినబడతాయి. అదే నా ఖర్మ.

రక్తాన్ని ఆపిన మాట నిజమే. కానీ నేను రాకముందే చిమ్మిన రక్తం చేయాల్సిన చెరుపంతా చేసేసింది. ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదు. స్కానింగ్ ఫొటో చూసి "క్లిప్పు బ్రహ్మాండంగా కూర్చుంది" అని మురిసిపోయేవాళ్లే అందరూ. ఆ పొగడ్త వింటే నాకు కంపరం.

సలోమి చేతులకు ఏమీ కాలేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే బుర్రలో నిలవదు. చర్చి పాటల బృందానికి శాటిన్ జాకెట్లు కుట్టమన్నారు. గుడ్డను మెరుపు వైపు లోపలికి మడిచి కత్తిరిస్తేనే కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ వస్తాయి. ఆమె మడవడం మరిచి, అన్నీ ఎడమ చేతులే కత్తిరించింది.

"తిని కూర్చోడం అలవాటైంది దీనికి. నాతో పోట్లాడేటప్పుడు బుర్ర బాగానే పనిచేస్తది," అన్నాడు మొగుడు యేసోబు.

"నాకూ మతిమరుపే వదినా, తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తుండదు," అని ఆడపడుచు మార్తమ్మ ఓదార్పు. ఛీ! తాళంచెవి మరిచిపోవడమూ, దాన్ని పట్టుకుని ఏం చేయాలో తోచక నిలబడిపోవడమూ ఒకటేనా?

"పక్కన ఒకళ్లు కూర్చుని ఏది ముందో చెప్తే నేను కుట్టగలనయ్యా," అని సలోమి బతిమాలింది.

"కుట్టేదానికి ఇంకో మనిషి కాపలానా?" అన్నాడు యేసోబు.

యేసోబుకు కావలసింది, పెళ్లాం బతికినందుకు దేవుడికి ఊరందరి ముందు కృతజ్ఞత కూడిక. షామియానా, మైకు, బిరియానీ. సలోమి సాక్ష్యం చెప్పాలట. "'దేవుడు నన్ను పూర్తిగా బాగుచేశాడు' అని చెప్పి కూర్చో. జాకెట్ల సంగతి ఎత్తావంటే పరువు పోద్ది," అని రోజూ చిలక్కి నేర్పినట్టు నేర్పాడు. పరువట! పెళ్లాం బుర్ర పోయినా ఫరవాలేదు, ఈయనగారి పరువు పోకూడదు.

ఆ రోజు మైకు చేతికిచ్చారు. నేర్పిన మాట ఎటో జారిపోయింది. నా కింద నాళం దడదడా కొట్టుకుంది. నేను బిగించి పట్టుకున్నాను.

"నాకు పూర్తిగా నయం కాలేదండీ," అంది సలోమి. "జాకెట్టు చేతులు కత్తిరించడం రావట్లేదు. ఎవరన్నా రోజూ కాసేపు వచ్చి నా పక్కన కూర్చుంటారా?"

ఆమె ఆగిందే తడవు, షామియానా అంతా అలవాటు కొద్దీ "స్తోత్రం!" అని అరిచింది. చప్పట్లు మోగాయి. యేసోబు మైకు లాక్కుని భోజనాలకు లేవమన్నాడు.

అసహ్యంతో పట్టు వదిలేద్దామనిపించింది. వదిలితే పోయేది ఆమె ప్రాణమే కదా అని ఊరుకున్నాను. కుర్చీలు జరిగాయి, గిన్నెల మూతలు లేచాయి, బిరియానీ దగ్గర తోపులాట మొదలైంది. సలోమి మాత్రం జవాబు కోసం ఇంకా నిలబడే ఉంది.