డ్వొమో మంచం, దుఫీ బల్ల

మంచి చెక్కని ఎవరైనా చెడ్డ చెక్క అంటే నాకు ఒళ్లు మండుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ మంట వల్ల నాకు పోయిందేమీ లేదు. పోయింది వేరే మనిషికి.

నా పేరు బాఫో. కుమాసీలో, అన్లోగా వడ్రంగుల అడ్డాలో, ముప్పై ఏళ్లకు పైగా రంపం పడుతున్నాను. అడ్డా వెనక వీధిలోనే క్వాకు డ్వొమో ఇల్లు. లారీ డ్రైవరు, నాకు నిక్కర్లనాటి స్నేహితుడు. పెళ్లికి ముందే మా గురువు దగ్గర ఒడుమ్ చెక్కతో మంచం చేయించుకున్నాడు. ఒడుమ్ అంటే చెదపురుగు కూడా దండం పెట్టి పక్కకి పోయే చెక్క. తలవైపు పలక మీద మా గురువు నెల రోజులు కూర్చుని ఒక మొసలిని చెక్కాడు. దాని పొలుసులు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. డ్వొమో పిల్లలు ముగ్గురూ ఆ మంచం మీదే పుట్టారు.

తర్వాత ఊళ్లోకి స్ప్రింగుల ఇనప మంచాలు వచ్చాయి. అవి కిర్రుకిర్రుమంటుంటే జనానికి అదేదో గొప్పగా ఉండేది. డ్వొమో కూడా ఒకటి తెచ్చుకుని, పాతదాన్ని పెరట్లోకి గెంటేశాడు. రెండు వానాకాలాలు అది అక్కడే నానింది. ఒక కాలు విరిగింది. మొసలి మీద కోడిపెట్టలు కాపురం పెట్టాయి. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నేను ముఖం తిప్పుకుని పోయేవాణ్ణి.

డ్వొమో భార్య అబెనా దుఫీ తీపి రొట్టెలు చేసి లారీ స్టాండులో అమ్మేది. పెరట్లో మట్టి పొయ్యి ఉండేది కానీ పిండి పిసకడానికి సరైన చోటు లేదు. గడప పక్కన నేల మీద రేకు పరిచి, మోకాళ్ల మీద కూర్చుని పిసికేది. లేచేటప్పుడు గోడ పట్టుకుని లేచేది.

ఒకరోజు నన్ను కేకేసింది. "బాఫో అన్నా, ఈ మంచాన్ని బల్ల చేసి పెడతావా? నిలబడి పిసుక్కునే ఎత్తులో. కింద రొట్టెలు పొంగడానికి మూత ఉన్న అర కావాలి."

డ్వొమో అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. పుల్ల నోట్లోంచి తీసి నవ్వాడు. "కోడిరెట్టల మీద రొట్టెలా! ఇంక నువ్వు పిండిలో గుడ్లు కొట్టక్కర్లేదే."

"నవ్వు, బాగా నవ్వు. ఇస్తావా, ఇవ్వవా?"

"తీసుకోవే తల్లీ, నీదే. నన్నడుగుతావేం, ఆ కోళ్లనడుగు."

అలా ఇచ్చాడు. విన్నది నేనొక్కణ్ణే.

చిత్రిక పట్టిన మొదటి రోజే నా గుండె నిండిపోయింది. పైన నల్లబడిన పొర లేవగానే లోపల తేనె రంగు చెక్క, నిన్న కోసినట్టు. పక్క పట్టీలు నాలుగు కాళ్లయ్యాయి. అడుగు పలకలు పైబల్ల అయ్యాయి. మొసలి ఉన్న పలకను కొయ్యడానికి చెయ్యి రాలేదు. దాన్ని అలాగే అరకి తలుపుగా పెట్టాను. ఒక్క మేకు వాడలేదు. అన్నీ కూసాలతోనే, చెక్కలో చెక్క దూర్చి బిగించాను. అంత మంచి పని నేను అంతకుముందు చెయ్యలేదు, ఆ తర్వాతా చెయ్యలేదు.

బల్ల ఇంట్లో పెట్టిన రోజు దుఫీ చేతిలో జిన్ను సీసా పట్టుకుని వచ్చింది. నెత్తికి మంచి గుడ్డ కట్టుకుంది.

"ఇదేంటి?" అన్నాను.

"అసెడా," అంది. "పక్కింటివాళ్లని కూడా పిలుచుకొస్తాను, ఉండు."

మాలో ఇచ్చిన మాట ఒక్కటే సరిపోదు. తీసుకున్నవాళ్లు సాక్షుల ముందు సీసా పెట్టి, ఇచ్చినవాడికి అసెడా, అంటే కృతజ్ఞత, చెప్పాలి. అందరూ తలో గుక్కా తాగాలి. అప్పుడే ఇచ్చింది ఇచ్చినట్టు. భూమికి చేస్తారు, కోకో తోటకి చేస్తారు. విరిగిన మంచానికి చేసినవాళ్లని నేను చూడలేదు.

"కోళ్లు తొక్కిన మంచానికి అసెడా ఏంటి చెల్లీ?" అన్నాను. "వీధంతా పడి నవ్వుతారు. ఆ సీసా ఇటు తే, పని చేసిన చేతులకి పొయ్యి."

"అదీ మాట!" అన్నాడు డ్వొమో. "మొగుడికి పెళ్లాం అసెడా చెప్పడమేంటే? నేనేమన్నా నీకు కోకో తోట రాసిచ్చానా?"

సీసా మా ఇద్దరిలోనే ఖాళీ అయింది. దుఫీ గుమ్మంలో కాసేపు నిలబడింది. "సరే, మీ ఇష్టం," అని నెత్తిగుడ్డ విప్పుకుని లోపలికి వెళ్లింది. ఆ సీసా ఎందుకో ఆవిడకి తెలుసు. తెలివిలేనివాళ్లం మేమిద్దరం.

తొమ్మిదేళ్లు ఆ బల్ల మీద పిండి పిసికింది. పిల్లల బళ్లు, బట్టలు అన్నీ దాని మీదే నడిచాయి, డ్వొమో తెచ్చేది లారీకే సరిపోయేది. తొమ్మిదో ఏడు కొండ మలుపులో లారీ పడిపోయింది. డ్వొమో కూడా దానితోనే పోయాడు.

మా అసాంటేల్లో తండ్రి ప్రేమ కొడుకుదైతే, తండ్రి మంచం మేనల్లుడిది. పెళ్లాంపిల్లలకి వాటా ఇమ్మనే చట్టం అప్పటికింకా రాలేదు. నలభయ్యో రోజు అయిపోగానే డ్వొమో తల్లివైపు వాళ్లు దిగారు. కుటుంబ పెద్ద ఒపోంగ్ ముందు, వారసుడైన మేనల్లుడు క్వామె అడ్డాయి వెనక. డ్వొమో స్నేహితుణ్ణని నన్నూ కూర్చోబెట్టారు.

ఇనప మంచం పోయింది. రేడియో, గోడ గడియారం, డ్వొమో కట్టుకునే కెంటె బట్ట పోయాయి. దుఫీ నల్లబట్టలో గోడకి ఆనుకుని కూర్చుంది. ఆఖరికి ఒపోంగ్ చేతికర్రతో బల్లని తట్టాడు. తొమ్మిదేళ్ల పిండీ నూనే పట్టి అది మట్టిరంగుకి తిరిగింది. మొసలికి బూడిద పట్టింది.

"ఇదేంటి, వావా చెక్కా?" అన్నాడు. వావా అంటే మా దగ్గర సబ్బుపెట్టెలు చేసే చెక్క. "పుచ్చు సరుకు. ఇది మనకెందుకురా అడ్డాయి? వదిలెయ్, పిండి పిసుక్కుంటుంది."

"మోసుకెళ్లే కూలి కూడా దండగ," అన్నాడు అడ్డాయి.

దుఫీ తల దించుకునే ఉంది. కానీ బరువు దిగినట్టు ఆవిడ భుజాలు కొద్దిగా కిందికి జారడం నేను చూశాను. చూసి కూడా ఆగలేకపోయాను.

"వావానా?" అన్నాను. అనేసి లేచాను. "కళ్లున్నాయా పెద్దాయనా? ఇది ఒడుమ్! మా గురువు చేతి పని! ఆ మొసలిని చూడు, పొలుసులు చూడు. డ్వొమో పెళ్లి మంచమిది, నా చేత్తో నేనే విప్పి బల్ల చేశాను. ఒక్క మేకుంటే చూపించు!"

దుఫీ తలెత్తి నావైపు చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు. అప్పటికి గాని నేనేం చేశానో నాకు అర్థం కాలేదు.

"ఓహో," అన్నాడు ఒపోంగ్ నెమ్మదిగా. "అయితే ఇది డ్వొమో మంచమన్నమాట."

"నాకిచ్చాడు," అంది దుఫీ. ఆ రోజు ఆవిడ మాట్లాడింది అదే మొదలు. "సీసా కూడా పెట్టాను. బాఫో అన్న తాగాడు. అడగండి."

ఒపోంగ్ గ్లాసులో కాస్త మందు తీసుకుని పోయినవాడి పేరన నేల మీద పోశాడు. "డ్వొమో వింటున్నాడు, బాఫో. ఆ సీసా అసెడా అని తాగావా, కూలి అని తాగావా?"

ఒక్క మాట. అసెడా అంటే సరిపోయేది. కానీ నేల ఇంకా తడిగా ఉంది. చచ్చినవాడు వింటుండగా అబద్ధమాడితే వాడొచ్చి తీసుకుపోతాడని మా అమ్మ నూరిపోసిన భయం నన్ను వదల్లేదు. డ్వొమో కూడా నాతోపాటు తాగాడని, అసెడా అంటే వాడే తలూపేవాడని నాకు ఇంటికి వెళ్లాక గాని తట్టలేదు.

"పనికని తాగాం," అన్నాను.

"నిజాయితీపరుడు," అని మెచ్చుకున్నాడు ఒపోంగ్. బల్లని నలుగురు మోసుకెళ్లారు. అరలో పొంగుతున్న రొట్టెల ముద్దల్ని దుఫీ ఒక్కొక్కటీ తీసి తడిగుడ్డలో పెట్టుకునేదాకా ఆగారు. ఆ మర్యాదైతే ఉంది వాళ్లకి.

రెండు నెలలు తిరక్కుండా అడ్డాయి నా అడ్డాకి వచ్చాడు. "మావయ్యా, దాన్ని మళ్లీ మంచం చెయ్యాలి. మా ఆవిడకి మొసలి కావాలంట."

"కోసిన చెక్క మళ్లీ పెరుగుతుందట్రా? పట్టీలన్నీ పొట్టివైపోయాయి, పో."

"మరైతే అదెందుకు పనికొస్తుంది?" అన్నాడు. వాళ్లింట్లో రొట్టెలు చేసేవాళ్లెవరూ లేరు. తర్వాత ఒకసారి వాళ్ల వీధిలో వెళ్తూ చూశాను. బల్ల పెరట్లో వానకి నానుతోంది. మూత ఊడిన అరలో కోడిపెట్ట కూర్చుని ఉంది.

దుఫీ మళ్లీ నేల మీద రేకు పరుచుకుంది. ఏం లాభం, వయసు ముదిరిపోయింది, సగం రొట్టెలే చేసేది. పెద్దపిల్ల బడి మానేసి పిండి పిసకడానికి కూర్చుంది.

నేను నా దగ్గరున్న ఒడుమ్ పలకలు తీసి ఇంకో బల్ల చేశాను. ఎవరూ చెయ్యమనలేదు. తోపుడు బండి మీద పెట్టుకుని పొద్దున్నే వాళ్ల గుమ్మం ముందు దించాను. "చెల్లీ, ఇది నీకు," అన్నాను.

దుఫీ బల్లని చూసింది. ముట్టుకోలేదు. "అక్కడే ఉండండి, వడ్రంగిగారూ," అంది.

తొమ్మిదేళ్లు అన్నా అన్న నోరు అది.

పక్కింటివాళ్లని పిలిచింది. ఎదురింటి ముసలాయన్ని పిలిచింది. వీధి చివర ఉండే గుమాస్తాని నిద్రలేపి మరీ తీసుకొచ్చింది. ఏడుగురు నిలబడ్డారు. ఆ ఏడుగురి ముందు నెత్తికి మంచి గుడ్డ కట్టుకుని సీసా తెచ్చి, గ్లాసు నిండా పోసి నా చేతికిచ్చింది.

"ఇది అసెడా," అంది. "కూలి కాదు. ఆ మాట మీ నోటితో గట్టిగా అని తాగండి. అందరూ వినాలి."

"ఇది అసెడా," అన్నాను.

"ఇంకొంచెం గట్టిగా. ఆ ముసలాయనకి చెవుడు."

మళ్లీ అన్నాను, అరిచినట్టే అన్నాను. తర్వాత ఆవిడ చూస్తుండగా గ్లాసు ఖాళీ చేశాను.