జోగారావు ఎంచిన ఆరో నెంబరు

పందెపు గుర్రాన్ని ఎలా ఎంచాలన్న దగ్గర కృపావరం మాస్టారికీ జోగారావుకీ ఏనాడూ పొసగలేదు. మాస్టారు ఏలూరులో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. జోగారావు జట్కా తోలినవాడు. ఆటోలొచ్చి పొట్టమీద కొట్టాక గుర్రాన్ని అమ్ముకుని ఖాళీగా ఉన్నాడు.

ఆదివారం చర్చి నుంచి రాగానే మాస్టారు పేపర్లో రేసుల పేజీ పరిచేవారు. వెనకటి ఐదు పరుగులు, దూరం, మోయాల్సిన బరువు చూసి, పది గుర్రాల్లో ఏడింటిని కొట్టేసేవారు. పైసా కాసేవారు కాదు, భార్య విక్టోరియమ్మకి మాటిచ్చారు మరి.

"కాయితం మీద గుర్రం సకిలిస్తుందాండీ? ఎదురుగా చూడాలండి. చెవులు చూడాలి, ఊపిరి చూడాలి" అనేవాడు జోగారావు.

ఓ రోజు స్టాండులో ఆటోవాళ్లు "ఈయన కన్నుకిప్పుడు పనేముంది?" అని నవ్వారు. ఆ మాట అతన్ని తొలిచేసింది.

"ఒక్కసారి హైదరాబాదు తీసుకెళ్లండి మాస్టారూ. నా కన్ను ఉందో పోయిందో తేలిపోవాలి."

రెండువేల మూడు వానాకాలంలో వెళ్లారు. పరుగుకి ముందు గుర్రాలని జనం ఎదుట నడిపిస్తుంటే జోగారావు కంచె పట్టుకుని కదల్లేదు. ఇన్నేళ్లకి గుర్రపు వాసన తగిలి అతని కళ్లు చెమర్చాయి. ఇంతలో మైకు కీచుమంది. తొమ్మిది గుర్రాలు బెదిరాయి. ఆరో నెంబరు మాత్రం చెవి కూడా కదపలేదు.

"ఇదేనండీ!" అన్నాడు. మాస్టారి లెక్కలో మూడో నెంబరు తేలింది.

మూడో నెంబరు రెండో స్థానంలో వచ్చింది. ఆరో నెంబరు పెళ్లినడకలు నడుస్తూ అందరికంటే చివర వచ్చింది. పక్కవాళ్లు పగలబడి నవ్వారు. లెక్కల మాస్టారికి తప్పితే పొరపాటంటారు, జట్కావాడికి తప్పితే కన్ను పోయిందంటారు. లోకం తీరే అంత.

తిరుగు రైల్లో బెజవాడ దాటాక జోగారావు నోరు విప్పాడు. "పోయిందండీ నా కన్ను."

మాస్టారికి పాతికేళ్ల కిందటి పగలు గుర్తొచ్చింది. తమ్మిలేరు పొంగి వీధుల్లోకొచ్చింది. నెప్పులు పడుతున్న విక్టోరియా జట్కాలో ఉంది. గుర్రం పొట్టదాకా నీళ్లు. ఎవరింటి పైకప్పు రేకులో గాలికి ఎగిరొచ్చి పక్కనే పడ్డాయి. జోగారావు గుర్రం లచ్చి బెదరలేదు, అడుగు తప్పలేదు. ఆస్పత్రి మెట్ల దగ్గరే ఆగింది. ఆ సాయంత్రమే కూతురు కెజియా పుట్టింది.

"ఏవయ్యా, ఆ రోజు నీ బండికి ఈ మూడో నెంబరుని కట్టుంటే?"

"రేకుల చప్పుడుకే మిమ్మల్నందర్నీ తమ్మిలేట్లో కలిపేసేదండీ."

"ఆరో నెంబరునో?"

"అదైతే..." జోగారావు నిటారుగా కూర్చున్నాడు. "అదైతే తీసుకెళ్లేదండీ అమ్మగార్ని."

"మరి నీ కన్నెక్కడ పోయిందయ్యా? ఆ రేసులవాళ్లే తప్పు పందెం పెట్టారు" అన్నారు మాస్టారు.

జోగారావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఏలూరు వచ్చేదాకా ఇద్దరూ లచ్చి గురించే మాట్లాడుకున్నారు.