ఊరికే చేసే పని

మార్చి తొమ్మిది. ఆ మధ్యాహ్నం కోడలు తిన్నది ఒక్క ఉడికిన గుడ్డు, అదీ నిలబడే. మామయ్యకు జావ తాగించి, మూతి తుడిచి, పక్కదుప్పటి మార్చేసరికి పొద్దు వాలింది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన కుడిచెయ్యి లేవదు. మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది.

ఆ సాయంత్రమే వీధి సంఘం మీటింగు. మధ్యాహ్నాలు తాళం వేసి ఉండే సంఘం హాలును వారానికి రెండు పూటలు మంచానపడ్డవాళ్ల కోసం తెరవాలనీ, వాళ్లను కనిపెట్టుకుని ఉండే మనిషికి సంఘమే జీతమివ్వాలనీ ఆడవాళ్ల పట్టు. ఆ రెండు పూటలు చిక్కితే కోడలు మళ్లీ టైలరు షాపులో మిషన్ ముందు కూర్చోగలదు. ఓనరమ్మ నెలాఖరు దాకానే ఆగుతానంది.

కానీ మామయ్యను వదిలి మీటింగుకు వెళ్లేదెలా? నడవలేని కూతురున్న పక్కింటి పిన్నిదీ అదే చిక్కు. చివరికి ఆవిడే తేల్చేసింది: "మనం పోలేకపోతే మీటింగునే ఇక్కడికి రమ్మందాం. దానికి కాళ్లు బాగానే ఉన్నాయిగా!"

వచ్చారు. వీలు చిక్కిన ఆడవాళ్లూ, ప్రెసిడెంటుగారూ మామయ్య మంచం చుట్టూ ఇరుకిరుగ్గా సర్దుకున్నారు. పిన్ని కూతుర్ని కుర్చీతో సహా గుమ్మంలోకి తెచ్చుకుంది.

"చూడమ్మా," ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకున్నారు. "జీతమంటే ఉద్యోగానికి ఇస్తాం. మీరు ఇంట్లో ఊరికే..."

"నీ...ళ్లు," అన్నారు మామయ్య.

కోడలు లేచి తాగించింది.

"అదే, మీరు ఊరికే..."

మామయ్య పక్కకు జారారు. కోడలు చంకల కింద చేతులేసి పైకి లాగింది. "బాబాయిగారూ, ఆ దిండు కాస్త పట్టుకోండి."

ప్రెసిడెంటుగారు పట్టుకున్నారు. ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పడుకోబెట్టుకున్నారు.

"జోకొట్టండి అన్నయ్యగారూ, నిద్రపోతుంది," అంది పిన్ని. గదంతా నవ్వు. ఆయనా నవ్వేశారు.

"నేననేది ఒకటే. ఇన్నాళ్లూ ఊరికే చేస్తున్న పనేగా! ఇప్పుడు జీతమెందుకూ?"

మామయ్య ఎడమచెయ్యి ఎత్తారు. రిటైరయ్యేదాకా ఆ వీధుల్లోనే తపాలా పంచిన మనిషి. అందరూ ఆగారు.

"ఊరి..." అని ఊపిరి తీసుకున్నారు. "...కే."

"నేనూ అదే అంటున్నా, ఊరికే అని."

మామయ్య తల అడ్డంగా ఊపారు. "ఊరి...కే. ఊరి... కోసం."

పిన్ని మోకాలు చరిచింది. "విన్నారా? మీరు కలిపేశారు, ఆయన విడదీశారు! మేం వదిలేస్తే వీళ్లను చూడాల్సింది ఊరే కదా. పని ఊరికైనప్పుడు జీతం ఊరివ్వదూ?"

ప్రెసిడెంటుగారు ఒళ్లోని దిండు ముడతలు సరిచేశారు. "మా అమ్మను మా ఆవిడే చూసుకుంటుంది," అన్నారు మెల్లగా. "ఏం చేస్తున్నావని ఎవరడిగినా, ఊరికే ఉన్నానంటుంది."

"వదినగారు రాలేదేం మరి?"

"అమ్మను వదిలి ఎలా వస్తుంది?"

ఆ మాట అని ఆయన తలెత్తి మంచం వైపు చూశారు.

"హాలు తాళంచెవి పొద్దున్నే పంపిస్తాను," అన్నారాయన. "జీతం ఈ నెల నుంచే. సంఘంలో ఎవరైనా అడ్డం తిరిగితే మీటింగు మా ఇంట్లో పెడతాను. మా అమ్మ చూసుకుంటుంది వాళ్ల సంగతి."

లేచి, దిండును మామయ్య భుజం కిందకు తోశారు. "ఇక్కడేనా అమ్మా?"

"ఇంకాస్త కిందకి, బాబాయిగారూ."

మామయ్య నిద్రపోయాక కోడలు కంచం పెట్టుకుని కూర్చుంది. తినడం అయ్యాక కూడా కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత లేచి, ఆయనకు మెలకువ రాకుండా తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.